గాలి పెట్టిన మాల్యాద్రి

మా హాజరు పట్టీలో మాల్యాద్రి పేరు చివరి నుంచి రెండోది. హోదా గడిలో 'ల్యాబ్ అటెండర్' అని రాసింది నేనే. కానీ నెల్లూరులోని మా చిన్న పరిశోధనశాలను చూడటానికి పెద్దవాళ్ళెవరైనా వస్తే, ల్యాబు నడిపే మా ప్రత్యూష మేడం వాళ్ళను ముందుగా అతని దగ్గరికే తీసుకెళ్తుంది. "కణాలను పెంచేది మేమని పేరే గానీ, బతికించేది ఈయన" అని పరిచయం చేస్తుంది. మాల్యాద్రి చేతులు వెనక్కి కట్టుకుని, దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడి మొహం పెట్టుకుని నిలబడతాడు. వచ్చినవాళ్ళు దాన్ని వినయం అనుకుని మురిసిపోతారు. అది వినయం కాదని ఆ గదిలో మేడంకీ నాకూ మాత్రమే తెలుసు.

నా పేరు రోజారమణి. ఆఫీసు సూపరింటెండెంటును. మాది మనుబోలు దగ్గర వరి పండించే ఇల్లు, చదివింది బీకాం. ఈ సంస్థలో పదకొండేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్నాను. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ముఖ్యంగా కాగితం మీద తప్పు కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. నోటితో చెప్పిన అబద్ధాన్ని పది రోజుల్లో మరిచిపోతారు. కాగితం మీది అబద్ధం మనమంతా పోయాక కూడా నిలబడి సాక్ష్యం చెబుతుంది. అలాంటిది, నా చేతనే ఒక పెద్ద అబద్ధం టైపు చేయించాడు ఈ మాల్యాద్రి. అది చెప్పాలంటే ముందు అతనెవరో చెప్పాలి.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పాళెం అతనిది. ఇంటి ముందు నిలబడితే ఒక పక్క పడవలు, ఇంకో పక్క కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపిస్తాయి. తండ్రి సముద్రంలో చేపల వేటకు పోయేవాడు. కొడుక్కి పడవెక్కితే కడుపులో తిప్పేది. వేట చేసే ఇంట్లో పుట్టి వాంతులేమిటని ఊరంతా ఆటపట్టిస్తే, పదో తరగతి కాగానే పోయి తీరం వెంబడి ఉండే రొయ్యపిల్లల హేచరీల్లో ఒకదానిలో చేరాడు. పదహారేళ్ళు అక్కడే పనిచేశాడు.

హేచరీ చూడనివాళ్ళకు ఒక మాట. తల్లి రొయ్య పెట్టిన గుడ్లను సిమెంటు ట్యాంకుల్లో పొదిగించి, కనురెప్ప వెంట్రుకంత పిల్లలయ్యేదాకా మూడు వారాలు సాకి, చెరువుల రైతులకు అమ్ముతారు. నీళ్ళలో ఉప్పు, వేడి, మేత అన్నీ సరిగ్గా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం గాలి. షెడ్డులో గాలి కొట్టే బ్లోయర్ తిరుగుతూ ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి ట్యాంకుకూ గొట్టాలు, గొట్టాల చివర సన్న రంధ్రాల రాళ్ళు, ఆ రాళ్ళలోంచి బుడగలు. బుడగలు అరగంట ఆగాయంటే లక్షల పిల్లలు ట్యాంకు అడుగున తెల్లగా పేరుకుంటాయి. అందుకని కరెంటు పోగానే జనరేటరు దగ్గరికి పరిగెత్తాలి. అది పలక్కపోతే చేతికి దొరికిన బ్యాటరీ పంపుతో ఏదో ఒక్క ట్యాంకుకైనా గాలి పెట్టాలి. "ఏ పనిలో ఉన్నా చెవి మటుకు బ్లోయర్ మీదనే ఉంటాదక్కా. చప్పుడు ఆగిందంటే కాళ్ళు వాటంతటవే పరిగెత్తతాయి" అన్నాడు నాతో ఒకసారి.

హేచరీల్లో ఇంకో అలవాటు కూడా ఉందని టీ తాగుతూ నవ్వుకుంటూ చెప్పాడు. ట్యాంకు పోతే, అంటే పిల్లలన్నీ చచ్చిపోతే, ఎవరి చేతివల్ల పోయిందో ఎవరూ బయటపెట్టరట. నీళ్ళు వదిలేసి, బ్లీచింగు కొట్టి కడిగి, ఓనరుకు ఒకటే మాట చెబుతారట: "తల్లి మంచిది కాదు సార్." తల్లి రొయ్య బలహీనమైతే పిల్లలు నిలవవు. కొన్నిసార్లు అది నిజం కూడా. తల్లి వచ్చి కాదని వాదించదు కాబట్టి ఓనరు నమ్ముతాడు, లేదంటే నమ్మినట్టు ఊరుకుంటాడు. "బాగుంది మీ పద్ధతి, తప్పు మీది, నింద నోరు లేనిదాని మీదా" అని దెప్పాను. అతను ఇంకా నవ్వాడు.

మాల్యాద్రికి ఒక చెల్లెలు, సుభాషిణి. అతనికంటే నాలుగేళ్ళు చిన్న, ఇప్పుడు ముప్పై ఒకటి. ఇరవయ్యో ఏట కింద కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఊనకుండా లేవలేకపోయింది. సోమరితనమని తల్లి కసురుకుంది. తర్వాత బిందె ఎత్తలేకపోయింది, ఆ తర్వాత తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి రాలేదు. చెన్నైలో చూపిస్తే నడుము దగ్గరా భుజాల దగ్గరా కండ నెమ్మదిగా కరిగిపోయే జబ్బు అన్నారు. తల్లిదండ్రులది మేనరికం. ఇద్దరిలోనూ కనపడకుండా ఉన్న ఒక లోపం ఈ పిల్లలో కలిసి బయటపడిందని డాక్టరు చెప్పాడట. మందు లేదని కూడా చెప్పాడట. ఆ తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సుభాషిణికి మోచేతుల కింద మాత్రం సత్తువ బాగానే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో వాకిటి దగ్గర కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాళెంలో ఆడవాళ్ళ జాకెట్లకు హుక్కులు కుడుతుంది, అంచులు కుడుతుంది. నోటికీ సత్తువ బాగానే ఉంది. పొద్దునా సాయంత్రం కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం ఒకటి డాక్టరు చెప్పాడు. పదేళ్ళుగా ఒక్క పూట మానలేదు. పట్టుకుంటే వాకిలి దాకా నాలుగడుగులు వేస్తుంది. ఆ నాలుగడుగులూ పోకూడదనేదే ఆమె పంతం.

ఇక మా ల్యాబులో జరిగేది. చిప్ అనగానే జనానికి ఫోన్ గుర్తొస్తుంది. మా దగ్గరికి పాడైపోయిన ఫోన్లు తెచ్చి బాగుచేస్తారా అని అడిగినవాళ్ళున్నారు, వాళ్ళను నేను ఎలా పంపించానో చెప్పను. మా చిప్పు పారదర్శకంగా, మెత్తటి రబ్బరులా ఉంటుంది. సగం బిస్కెట్టంత. దానిలో వెంట్రుకంత సన్నటి నీటి దారులు ఉంటాయి. మా మనుబోలు పొలాల్లో మడి నుంచి మడికి తీసే కాలవలే, కాకపోతే కంటికి ఆనవు. మధ్యలో రెండు చిన్న గుంజలు. రోగి తొడ నుంచి చిన్న కండ ముక్క తీసి, అందులోని కణాలను పెంచి, ఆ రెండు గుంజల మధ్య పోస్తారు. పది రోజుల్లో అవి ఒకదానికొకటి అతుక్కుని, రెండు గుంజలకు కట్టిన దండెంలా ఒక పోగు అవుతాయి. ఆ కాలవల్లో గులాబి రంగు నీళ్ళు ఆగకుండా మెల్లగా పారుతూ వాటికి తిండి పెడతాయి. సన్నగా కరెంటు తగిలిస్తే ఆ పోగు ముడుచుకుంటుంది, గుంజలు వంగుతాయి. ఎంత వంగాయో కెమెరా కొలుస్తుంది. ఆ నీళ్ళలో మందు కలిపి, బలం పెరిగిందా తగ్గిందా చూస్తారు. మనిషి మీద మందు ప్రయోగించేముందు ఆ మనిషి కండ మీదే చూడటమన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నాకు వెన్ను జలదరించింది. మనిషి ఎక్కడో ఇంట్లో కూర్చుని ఉంటుంది, ఆమె కండ ఇక్కడ లాగుతూ ఉంటుంది.

అలా కండ ఇవ్వడానికే మూడేళ్ళ కిందట చెల్లెల్ని తీసుకుని మాల్యాద్రి మొదటిసారి మా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లకు సూది భయం లేదు. "ఉండేదే రవ్వంత. అందులో మీకూ ఒక పాలు పెట్టాల్నా మేడం?" అని అడిగింది. మేడం దాపరికం లేకుండా చెప్పింది: శనగ గింజంత తీస్తాం, దానివల్ల నీకు మేలు జరుగుతుందని చెప్పలేను, ఎప్పటికో ఎవరికో జరగొచ్చు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని సుభాషిణి ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. అప్పుడు మాల్యాద్రి ఆమె కుర్చీ పక్కన కూర్చుని, "ఒక్కసారేలే సుభా. మళ్ళీ ఎవురన్నా అడిగితే నేను ఊరుకోను" అని మాటిచ్చాడు. ఆ మాట మీద ఆమె సంతకం పెట్టింది.

చెల్లెలు లోపల ఉన్నప్పుడు ఇతను ల్యాబు గాజు తలుపు ముందు నిలబడి, ఆ గులాబి నీళ్ళ సీసా వైపు చూస్తూ, "దీన్లో ఉప్పెంత మేడం? వేడి ఎంత పెడతారు? మేతనీళ్ళు ఎన్నాళ్ళకు మారుస్తారు?" అని మేడంను ప్రశ్నలతో చంపాడు. పీహెచ్‌డీ పిల్లలు ఆరు నెలలకు అడిగే ప్రశ్నలు ఆ మనిషి పావుగంటలో అడిగాడని మేడం ఆశ్చర్యపోయింది. కంటికి కనపడని జీవాలను సాకడం అతనికి కొత్త కాదు కదా. నెల తిరక్కుండా మా దగ్గర చేరాడు. మా పిల్లలందరూ ఇప్పుడు ఆ ద్రవాన్ని మేతనీళ్ళనే అంటారు.

రెండేళ్ళు బాగానే నడిచింది. కానీ జబ్బు కండ కణాలు తొందరగా ముసలివైపోతాయి. గడ్డకట్టించి దాచిపెట్టిన కణాలను మళ్ళీ లేపితే లేవలేదు. సుభాషిణి ఇచ్చిన దానిలో మిగిలింది మొత్తం ఇరవై నాలుగు చిప్పుల్లో ఉంది. అవన్నీ ఒకే వెచ్చటి పెట్టెలో, ఒకే సీసా నీళ్ళ మీద ఉన్నాయి. ఒక కొత్త మందును సగం చిప్పుల కాలవల్లోకి విడిగా చుక్కలు వేశారు, సగానికి వేయలేదు. ఇంకో తొమ్మిది రోజులు ఆగితే ఫలితం తేలేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కణాలతో ఇంకో ఇరవై నాలుగు చిప్పులు పక్క పెట్టెలో, వేరే సీసాతో నడుస్తున్నాయి.

అప్పుడు నవంబరు వాన పట్టుకుంది. మేడం చెన్నై నుంచి వస్తూ మనుబోలు దగ్గర హైవే మీద నీళ్ళు చేరి బస్సులో ఇరుక్కుపోయింది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. జనరేటరు గదిలో మోకాలి లోతు నీళ్ళు. చిప్పులుండే వెచ్చటి పెట్టెలకు బ్యాటరీ ఉంది గానీ, నీళ్ళు నడిపే పంపుల బ్యాటరీ గంటన్నరకంటే రాదు. మేడం ఫోన్ చేసింది, నేనూ పక్కనే ఉన్నాను, స్పీకరులో విన్నాను. "పంపులు ఆగినా కంగారు పడొద్దు. నాలుగైదు గంటలు కణాలకేం కాదు. పెట్టె తలుపు తీయొద్దు. మాల్యాద్రి గారూ, మీరు ఏమీ చేయకండి" అంది. "సరే మేడం" అన్నాడు. అంతలో ఫోన్ కట్టయింది, మళ్ళీ కలవలేదు.

కింది అంతస్తులో నా ఫైళ్ళ బీరువాల్లోకి నీళ్ళు వస్తున్నాయని నేను కిందికి పరిగెత్తాను. మూడున్నరకు పంపులు ఆగిపోయాయి. ఆ గదిలో మాల్యాద్రి ఒక్కడే మిగిలాడు.

తర్వాత జరిగింది అతను చెబితేనే నాకు తెలిసింది. ఆ నిశ్శబ్దాన్ని అతను పది నిమిషాలు ఓర్చుకున్నాడు. ఏమీ చేయకుండా ఉండటం అనే పని అతనికి పదహారేళ్ళలో ఎవరూ నేర్పలేదు. బండి డిక్కీలో హేచరీ రోజుల నాటి బ్యాటరీ పంపు ఒకటి ఉంది. అగ్గిపెట్టెలు రెండు కలిపినంత ఉంటుంది. ఒక్కటే ఉంది కాబట్టి ఒక్క సీసాకే గాలి పెట్టగలడు. అలాంటప్పుడు ఏ ట్యాంకును కాపాడాలో హేచరీలో ఆలోచిస్తారు గానీ, ఇక్కడ అతను ఆలోచించనే లేదు. తన చెల్లెలి సీసాకు పెట్టాడు. గొట్టం లోపలికి దింపి, మూత చుట్టూ టేపు చుట్టాడు. బుడగలు గలగలా లేచాయి. ప్రాణం లేచొచ్చినట్టయిందట అతనికి. అక్కడే స్టూలు మీద కూర్చుని చేతులు జోడించాడట.

మా పీహెచ్‌డీ పిల్లలకు మొదటి రోజు నేర్పేది ఒకటే: చిప్పులోకి గాలి బుడగ పోనీయకండి. మాల్యాద్రికీ నేర్పారు, రెండేళ్ళుగా జాగ్రత్తగానే ఉన్నాడు. కానీ ఆ వేళకు చేతులు పాత చేతులైపోయాయి. మూత బిగించిన సీసాలో గాలి నిండి నీళ్ళను నెట్టింది, నీళ్ళ వెనక బుడగలు కూడా ఆ వెంట్రుక కాలవల్లోకి దూరాయి. అంత సన్నటి దారిలో ఒక్క బుడగ పోతే చాలు, దారికి అడ్డంగా కూర్చుంటుంది, లేదా పోగును గీరుకుంటూ పోతుంది. ఐదింటికి కరెంటు వచ్చాక అతను మైక్రోస్కోపులో చూశాడు. ఇరవై నాలుగింటిలోనూ పోగులు తెగి, గుంజల మొదట్లో ముద్దలుగా పడి ఉన్నాయి. పక్క పెట్టెలో, అతను గాలి పెట్టని చిప్పులు నిక్షేపంలా ఉన్నాయి.

టేపు పీకేశాడు. సీసా కడిగి కొత్త నీళ్ళు పోశాడు. బ్యాటరీ పంపును మళ్ళీ డిక్కీలో పడేశాడు. మర్నాడు పొద్దున ఎర్రబడ్డ కళ్ళతో వచ్చిన మేడంకు ఎదురు నిలబడి చెప్పాడు: "కణాలే బలహీనం మేడం. పంపు ఆగితే తట్టుకోలేకపోయినాయి."

మేడం నమ్మింది. ఎందుకు నమ్మదు? బాగున్నవాళ్ళ కణాలు అదే కరెంటు కోతకు నిలబడ్డాయి, జబ్బు కణాలు పోయాయి. నమ్మడమే కాదు, ఆలోచనలో పడింది. ఈ జబ్బులో కండ కాసేపు తిండి ఆగినా బతకలేదేమో, ఇది ఇంతవరకు ఎవరూ గమనించలేదేమో, దీన్ని వ్యాసంగా రాయాలేమో అనుకుంది. నన్ను పిలిచి రికార్డు టైపు చేయించింది: 'రోగి కణాలు, ప్రవాహం ఆగిన కొద్ది గంటల్లో, బయటి కారణమేదీ లేకుండా నశించాయి.' నేను రెండుసార్లు సరిచూసి మరీ ఫైల్లో పెట్టాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

కండ ఇచ్చినవాళ్ళకు దాని సంగతులు చెప్పడం మా మేడం పద్ధతి. సుభాషిణికి ఫోన్ చేసి మెల్లగా చెప్పింది. అటునుంచి ఆ పిల్ల ఒకటే అడిగిందట: "నా కండ తనంతట తానే చచ్చిందా మేడం?" మేడం అవునమ్మా అంది.

ఆ మర్నాటి నుంచి సుభాషిణి వ్యాయామం మానేసింది. పదేళ్ళలో మొదటిసారి. సూది పక్కన పెట్టేసింది. వాకిలి దాకా నడిపిస్తామంటే వద్దంది. తల్లి ఏడ్చి అడిగితే, "గాజు పెట్టెలో పెట్టి, గంట గంటకూ మేత పోసి, పెద్ద చదువులోళ్ళు సాకినా బతకలేదంట నా కండ. ఇంక నువ్వేం సాకతావు, నేనేం సాకతా" అని గోడ వైపు తిరిగి పడుకుందట. మాల్యాద్రి రోజూ సాయంత్రం ఇంటికి పోయి ఇది చూసేవాడు. పొద్దున్నే వచ్చి మా దగ్గర ఖాళీ చిప్పులు కడిగేవాడు.

పదిహేనో రోజున నా బల్ల ముందుకు వచ్చి, మడిచిన కాగితం ఒకటి పెట్టాడు. ఉద్యోగం మానేస్తానని రాశాడు. కారణం 'స్వంత పనులు' అట.

"ఏం స్వంత పనులు? హేచరీకి పోతావా?" అన్నాను.

"యాడికీ పోనక్కా."

"మరి ఇది నేను తీసుకోను. కారణం సరిగ్గా రాసుకుని రా."

అప్పుడు చెప్పాడు. నిలబడే చెప్పాడు, మొదటి నుంచి చివరిదాకా, బ్యాటరీ పంపుతో సహా. నాకు వినేకొద్దీ చెవులు వేడెక్కాయి. నా టేబుల్ మీది స్కేలు తీసుకుని బల్లను ఒక దెబ్బ కొట్టాను, పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు.

"తల్లి మంచిది కాదని చెప్పినావన్నమాట! రొయ్య కాదురా అది, నీ చెల్లెలు! ఆ పిల్లకు నోరుంది, చెవులున్నాయి, నువ్వన్న మాట విని గోడవైపు తిరిగి పడుకుంది!"

అతను తల దించుకుని, "ఆ మాట నోట్లో నించి ఎట్టా వచ్చిందో తెలీదక్కా. ఆడ అందురూ అదే అంటారు. నాకూ అదే వచ్చింది" అన్నాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఒక్కసారేనని మాటిచ్చినా. నేనే పోగొట్టినానని చెప్తే మళ్ళీ ఇమ్మని అడిగినట్టే గదా" అన్నాడు.

నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. "ముందు మేడంకు చెప్పు, తర్వాత సుభాషిణికి చెప్పు. సాయంత్రంలోగా చెప్పకపోతే నేను చెబుతాను" అన్నాను.

మేడం చివరిదాకా వింది. "గాలి ఎంతసేపు పెట్టారు?" అని మాత్రం అడిగి, తలుపు వేసుకుంది. అరగంట తర్వాత నేను కాఫీ పట్టుకుపోతే కళ్ళు తుడుచుకుంటోంది. "రెండేళ్ళ పని పోయిందని కాదు రమణక్కా. నేను ఆ అబద్ధాన్ని దేశదేశాల వాళ్ళు చదివేలా రాయబోయాను. వారం ఆగితే పంపించేసేదాన్ని" అంది. ఆ తర్వాత పాత రికార్డు మీద అడ్డగీత గీసి, కింద నా చేత కొత్తది టైపు చేయించింది: 'పరికరంలోకి గాలి చొరబడటంవల్ల కణాలు నశించాయి. పొరపాటు మాది. కణాల లోపం కాదు.' దాని ప్రతి ఒకటి సుభాషిణికి ఇచ్చి రమ్మంది. "మాల్యాద్రి గారే చెప్పాలి. మీరు తోడు వెళ్ళండి. ఇంకో ముక్క కావాలని మాత్రం ఎవరూ అడగొద్దు. ఆ అమ్మాయికి మాటిచ్చాం" అని గట్టిగా చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి ఆటోలో పాళెం చేరాం. వాకిట్లో ఎండు చేపలు ఆరేసి ఉన్నాయి. తల్లి నన్ను చూసి గబగబా ఇంకో కుర్చీ వేసింది. సుభాషిణిని మంచం మీంచి లేపి తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేను అంతకుముందు చూసిన పిల్లలా లేదు, జుట్టు రేగిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉంది. "రాండక్కా" అంది, అంతే.

మాల్యాద్రి గడప దాటి లోపలికి రాలేదు. నా నాలుక దురద పెడుతోంది, అయినా పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఎంతసేపటికీ మాట రాకపోతే దగ్గాను.

"సుభా, నీ కండ బలహీనం కాదు" అన్నాడు చివరికి. "నేను గాలి పెట్టినా. బుడగలు పోయి తెగిపోయినాయి. నేనే చంపినా. బలహీనమని మేడంకు అబద్ధం జెప్పినా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కాగితం సుభాషిణి ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా చదివింది.

"నువ్వు గాలి పెట్టకుండా ఉంటే?" అంది తల ఎత్తకుండా.

"బతికుండేది. పక్క పెట్టెలోవి బతికినాయి గదా, ఇవీ బతికేవి. ముందు రోజు దాకా లాగతానే ఉండినాయి. పొద్దున్నే వచ్చి ముందు నీదే చూసేవాణ్ణి."

"పదైదు దినాలు" అంది సుభాషిణి. "పదైదు దినాలు నేను చచ్చిపోయినాననే అనుకున్నా. నా పక్కనే కూర్చోని అన్నం తిన్న్యావు."

ఆమె కాగితాన్ని నాలుగుగా మడిచింది.

"దగ్గిరికి రా."

వచ్చాడు.

"కిందికి."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంకా కిందికి అంది. ఆమె చెయ్యి భుజం నుంచి పైకి లేవదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. అతనికీ అర్థమైంది. తల వంచి, చెంపను ఆమె కుర్చీ చేతి పక్కకు తెచ్చి పెట్టాడు. ఆమె ఎడమచేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎత్తి, ఊపు తెచ్చుకుని కొట్టింది. చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. ఈగను తోలినంత దెబ్బ. అతను తల తీయలేదు. మళ్ళీ ఎత్తి కొట్టింది. మూడోసారి ఎత్తడానికి చాలాసేపు పట్టింది, నుదుటి మీద చెమట పట్టింది, అయినా ఎత్తింది. ఆ దెబ్బ తగిలాక చెయ్యి వెనక్కి తీసుకునే ఓపిక లేక అక్కడే అతని చెంప మీద ఉండిపోయింది. అప్పుడు ఆ మనిషి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా వెక్కి వెక్కి ఏడవడం నేను చూడలేకపోయాను. ఇద్దరు అన్నల తర్వాత పుట్టినదాన్ని నేను, వాళ్ళలో ఒక్కరూ నా ముందు అలా తల వంచిన పాపాన పోలేదు.

కాసేపటికి సుభాషిణి నా వైపు తిరిగింది. "అక్కా, ఇంకోసారి కండ ఇచ్చే కాగితం తెచ్చినారా?"

"తేలేదమ్మా. నిన్ను అడగొద్దని మేడం చెప్పింది."

"ఎందుకు అడక్కూడదు? నా కండ మంచిదని ఇప్పుడే గదా తెలిసింది."

బ్యాగులోంచి ఒక తెల్ల కాగితం తీశాను. ఇది పద్ధతి ప్రకారం చెల్లదనీ, మళ్ళీ అసలు ఫారం మీద సంతకం పెట్టాల్సి వస్తుందనీ చెప్పాను. రాయండి చూద్దాం అంది. ఆమె చెబుతూ పోయింది, నేను ఒక్క అక్షరం మార్చకుండా రాశాను:

'నా ఎడమ తొడలో నుంచి శనగ గింజంత కండ తీసుకోవచ్చు. నన్ను ఎవురూ అడగలేదు, నేనే ఇస్తా ఉండా. దాన్ని మా అన్న మాల్యాద్రి చూసుకోవాల. ఇంకెవురి చేతికీ ఇవ్వకూడదు.'

కాగితం ఒళ్ళో పెట్టుకుని సంతకం పెట్టింది. తేదీ కూడా తనే వేసింది.